లంగరు మీద కన్ను

లంగరు వేసిన పడవ నిలిచి ఉన్నట్టు కనిపిస్తుందే తప్ప నిలిచి ఉండదు. అడుగున లంగరు ఒకచోట నాటుకుని ఉంటుంది. పైన పడవ గాలినిబట్టి, ఆటుపోట్లనుబట్టి దాని చుట్టూ తిరుగుతుంటుంది, గుంజకు కట్టిన గేదె తాడున్నంత మేరా మేసినట్టు. 5 మీటర్ల లోతులో 10 మీటర్ల పడవ లంగరేసిందనుకుంటే, పడవ ముక్కు నీటికి మరో మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి లెక్కకు 6 మీటర్లు. దానికి ఐదింతలు, అంటే 30 మీటర్ల గొలుసు వదలడం వాడుక. లంగరును పట్టి ఉంచేది దాని బరువు ఒక్కటే కాదు. అడుగున పడుకున్న గొలుసు అడ్డంగా లాగుతుంటే కొక్కెం మట్టిలోకి దిగుతుంది, నిలువుగా లాగితే ఊడి వస్తుంది. గొలుసంతా బిగిసినప్పుడు పడవ వెనక కొస లంగరుకు సుమారు 40 మీటర్ల దూరంలో ఉంటుంది. పొద్దున లంగరుకు తూర్పున ఉన్న పడవ, గాలి మళ్ళి సాయంత్రానికి పడమటికి చేరితే ఆ కొస 80 మీటర్లు జరిగినట్టు. అయినా భయపడాల్సింది లేదు. అదే లంగరు పట్టు వదిలి 20 మీటర్లు జారిందంటే ప్రమాదం మొదలైనట్టే.

ఈ రెండు కదలికల తేడా పట్టుకోవడమే లంగరు కాపలా. ఓడ మీద ఉన్నవాడికి దానికి మూడు దారులు ఉండేవి. మొదటిది స్పర్శ: గొలుసు మీద చెయ్యి వేసి చూడటం. లంగరు అడుగున ఈడ్చుకుపోతుంటే ఆ గరగర గొలుసు వెంట పైదాకా వస్తుంది. రెండోది సీసపు గుండు. ఓడ పక్కనుంచి గుండును అడుగుకు దించి, తాడును కాస్త వదులుగా ఉంచి కట్టేస్తారు. గుండు కదలదు. ఓడ వెనక్కు జారితే తాడు వదులంతా పోయి ముందువైపుకు వాలుతుంది. కటిక చీకట్లో, వానలో, ఒడ్డు కనబడని రాత్రి కూడా ఈ తాడు నిజం చెబుతుంది. మూడోది ఒడ్డు మీది గుర్తులు. గుడి గోపురం వెనక కొండ శిఖరం, దీపస్తంభం వెనక తాటిచెట్టు ఇలా రెండు వస్తువులు ఒకే వరసలో కనిపించేట్టు ఎంచుకుని, మధ్యమధ్య చూసుకుంటారు. ఆ వరస చెదిరి మళ్ళీ కలవకపోతే ఓడ జారినట్టు లెక్క. తెలుగులో కొండగుర్తు అనే మాట ఇప్పుడు పరీక్షలకు చదివే పిల్లల నోట ఎక్కువ వినిపిస్తుంది కాని, చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు అది అక్షరాలా కొండే.

ఈ మూడూ ఓడ మీద ఉన్నవాడికి పనికొచ్చేవి. ఓడ నీళ్ళలోనూ, దాని బాధ్యత మోసేవాడు ఒడ్డునా ఉంటే పరిస్థితి వేరు. కోరమాండల్ తీరంలో ఆ పరిస్థితి కొన్ని శతాబ్దాల పాటు నిత్యకృత్యం. ఈ తీరానికి పెద్ద ఓడలు లోపలికి వచ్చి ఆగే సహజ రేవులు దాదాపు లేవు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వర్తకానికి దిగిన మచిలీపట్నంలోనూ, ఆ తరువాత మద్రాసులోనూ ఓడలు బయట సముద్రంలోనే లంగరేసుకునేవి. ఏ అడ్డూ లేని ఆ లంగరుచోటును నావికులు రోడ్స్ అనేవారు. సరుకు దించడానికీ ఎక్కించడానికీ ఒడ్డు నుంచి చిన్న పడవలు వెళ్ళేవి. మద్రాసు అలల్లో మేకులతో బిగించిన పడవ పగిలిపోతుంది. అందుకని పలకలను కొబ్బరి పీచుతాడుతో కుట్టిన మసూలా పడవలు వాడేవారు. అల కొట్టినప్పుడు కుట్టు సాగి, ఒళ్ళు విరగకుండా ఒంగే పడవ అది. మసూలా కూడా దాటలేనంత అల ఉన్న రోజున ఓడకు కబురు పంపాలంటే తెప్పే దిక్కు. తెప్పవాడు చీటీని నీరు చొరని టోపీలో దాచుకుని, తెప్ప బోల్తా పడితే ఈది పట్టుకుని, మళ్ళీ ఎక్కి ఓడకు చేరేవాడు. ఒడ్డుకూ లంగరేసిన ఓడకూ మధ్య తొలి తపాలా అదే.

నౌకాదళాధిపతి ఒడ్డున ఉండగా ఓడలకు ఏమవుతుందో 1746 అక్టోబరులో మద్రాసు చూసింది. సెప్టెంబరులో కోటను పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనె నగరాన్ని తిరిగి ఇచ్చే షరతుల బేరంలో ఒడ్డునే ఉండిపోయాడు. ఆయన ఓడలు ఎదురుగా లంగరేసి ఉన్నాయి. అక్టోబరు 13 రాత్రి తుపాను వచ్చింది. తెల్లవారేసరికి రేవులో ఓడ జాడ లేదు. కొన్ని మునిగాయి, కొన్ని కొయ్యలు విరిగి గాలికి కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు వెయ్యికి పైమాటే. ఆ రాత్రి ఒడ్డున ఉన్న సేనానికి ప్రమాదం తెలియకపోవడమేమీ లేదు. గాలి చప్పుడు ఆయనా విన్నాడు. ఓడల దగ్గరకు పోయే దారే లేదు. తెలియడం ఒకటి, చేరడం మరొకటి. ఈ చరిత్రంతా ఆ రెంటి మధ్య దూరమే.

15 ఏళ్ళు తిరగకుండానే ఆ శిక్ష ఇంగ్లీషువాళ్ళకు పడింది. పాండిచ్చేరి ముట్టడిలో ఉన్న వాళ్ళ నౌకాదళాన్ని 1761 జనవరి 1న తుపాను పట్టుకుంది. అధిపతి స్టీవెన్స్ తన ఓడ లంగరు తాడు నరికించి సముద్రం మీదికి పోయాడు. మిగతావాళ్ళూ అలాగే చెయ్యాలని ఫిరంగులు పేల్పించాడు. గాలి హోరులో ఆ ఫిరంగుల మోత అందాల్సిన చెవులకు అందలేదు. కొన్ని ఓడలు మునిగాయి, కొన్ని ఒడ్డుకెక్కాయి. ఆనాటి సంకేతాల బలహీనత ఇక్కడే ఉంది. జెండా పగలు పనిచేస్తుంది, దీపం వాన లేని రాత్రి పనిచేస్తుంది, ఫిరంగి గాలి లేనప్పుడు పనిచేస్తుంది. ఓడకు కబురు అవసరమయ్యేది సరిగ్గా ఈ మూడూ పనిచెయ్యని వేళ.

అందుకే ఆ రోజుల్లో తెలివైన ఏర్పాటు కబురు పంపడం కాదు, కబురు అవసరం లేకుండా చెయ్యడం. ఈశాన్య రుతుపవనం రోజుల్లో మద్రాసు కోట జెండా స్తంభాన్ని అక్టోబరు 15న దించి డిసెంబరు 15న మళ్ళీ ఎత్తే ఆచారం ఉండేది. స్తంభం లేని ఆ రెండు నెలలు ఇక్కడ లంగరు వెయ్యవద్దని అర్థం. తుపానును ముందుగా పసిగట్టే సాధనం ఏదీ లేని కాలంలో పంచాంగాన్నే కాపలాదారుగా పెట్టుకున్నారు.

1864 శరత్తులో బంగాళాఖాతం నాలుగు వారాల తేడాతో రెండు దెబ్బలు కొట్టింది. అక్టోబరు 5న కలకత్తా మీదికి వచ్చిన తుపానుకు హుగ్లీ నదిలో లంగర్లు తెగి ఓడలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. రేవులో ఉన్న 195 ఓడల్లో దెబ్బ తగలనివి 23 మాత్రమే. నవంబరు 1న మచిలీపట్నం మీద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది పోయారు. ఆ తరువాతి ఏడాది, 1865లో, కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. దేశంలో ఈ తరహా ఏర్పాటు అదే మొదటిది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఈ మార్పుకు వెన్నెముక టెలిగ్రాఫు. అంతకు ముందు తుపాను కబురును తెచ్చేది తుపానే. టెలిగ్రాఫు తీగ వచ్చాక ఒక రేవులో పడిపోయిన వాయుపీడనం సంగతి గాలికన్నా ముందే ఇంకో రేవుకు చేరింది. రేవు అధికారి స్తంభం మీద ఎత్తిన గుర్తును చూసి లంగరేసిన ఓడ ఇంజను సిద్ధం చేసుకునేది, లేదా లంగరెత్తి లోతు నీళ్ళకు పోయేది.

వాయుగుండం పట్టినప్పుడల్లా తెలుగు పత్రికల్లో కనిపించే ప్రమాద హెచ్చరిక నంబర్లు ఆ పరంపరలోవే. కాకినాడలో మూడో నంబరు, విశాఖలో పదో నంబరు అని చదివే పాఠకుడు అవి తనకోసమే అనుకుంటాడు. నిజానికి అవి ఓడలకోసం పుట్టినవి. పగలు స్థూపాల, శంకువుల ఆకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు వేలాడదీసి ఓడలకు చూపించే భాష అది. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న వాతావరణం గురించి, 3, 4 రేవుకు రాగల గాలి గురించి, 5 నుంచి 7 వరకూ ప్రమాదం, 8 నుంచి 10 వరకూ మహా ప్రమాదం. పదితో ప్రమాదాలు అయిపోయాయి, కాని నంబర్లు అయిపోలేదు. పదకొండోది ఒకటి ఉంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. ఈ వరస అంతటిలో తెలివైన అంకె ఇదే. కబురు రాకపోవడాన్ని క్షేమమని తీసుకోకూడదని, మౌనం కూడా ఒక హెచ్చరికేనని చెప్పే అంకె. దూరం నుంచి పడవను కనిపెట్టే యంత్రాలు చేసినవాళ్ళకు ఈ సంగతి తల బొప్పి కట్టాక గాని తెలియలేదు.

గోడలు కట్టిన రేవులు వచ్చాక మద్రాసు లాంటి చోట్ల ఓడలకు ఈ బెడద తగ్గింది. అక్కడా పని నున్నగా సాగలేదు. 1875లో మొదలైన మద్రాసు రేవు గోడలను 1881 నవంబరు తుపాను బద్దలుకొట్టింది. కాకినాడలో మాత్రం పాత పద్ధతి పూర్తిగా పోలేదు. అక్కడి లంగరు రేవులో లోతు చాలక ఓడలు బయట లంగరేసుకుంటాయి. బియ్యం వగైరా సరుకు బార్జీల మీద వాటి దగ్గరకు వెళ్తుంది. ఓడ ఏజెంటు ఒడ్డున, ఓడ సముద్రంలో, మధ్యన వీహెచ్‌ఎఫ్ రేడియో.

ఇరవయ్యో శతాబ్దంలో సీసపు గుండుకు విద్యుత్తు వచ్చింది. నీటి అడుగుకు శబ్దం పంపి ప్రతిధ్వనిని కొలిచే ఎకో సౌండర్లు చిన్న పడవలకు కూడా దొరికాక, లోతు ఫలానా అంకెకన్నా తగ్గినా పెరిగినా గంట కొట్టేట్టు పెట్టుకునే వీలు కలిగింది. పడవ జారితే లోతు మారుతుంది, గంట మోగుతుంది. అడుగు చదునుగా ఉన్నచోట మాత్రం పడవ మైలు జారినా ఆ గంట నోరెత్తదు. పోటు ఎక్కితే జారకపోయినా మోగుతుంది. రాడారు ఒడ్డు దూరాన్ని చూపించింది కాని దాన్ని చూస్తూ కూర్చోవడానికి మనిషి కావాలి, కరెంటూ కావాలి.

మనిషిని కాపలా నుంచి తప్పించగలిగింది జీపీఎస్. తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది, వ్యవస్థ పూర్తిగా నిలదొక్కుకున్నది 1995లో. అయినా లంగరు కాపలాకు అది వెంటనే పనికిరాలేదు. అమెరికా సైన్యం పౌరులకు అందే సంకేతంలో కావాలని తప్పు కలిపేది. చూపే చోటు 100 మీటర్ల దాకా అటూ ఇటూ పోయేది. 40 మీటర్ల వలయంలో తిరిగే పడవకు 100 మీటర్ల తప్పున్న కాపలాదారు ఏం చేస్తాడు? రాత్రంతా ఉత్తుత్తి గంటలు కొడతాడు, మూడో రాత్రి పడవవాడు ఆ గంటను ఆపేసి పడుకుంటాడు. 2000 మే నెల మొదట్లో ఆ కలపడం ఆపేశారు. తప్పు ఒక్కసారిగా 10, 20 మీటర్ల లోపుకు దిగింది. లంగరు అలారం అనే వస్తువు నిజంగా పుట్టింది అప్పుడే అనవచ్చు. లంగరు పడిన చోటును కేంద్రంగా గుర్తుపెట్టుకుని, చుట్టూ వలయం గీసి, పడవ గీత దాటితే అది మోగుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. లంగరు వేసి, గొలుసంతా వదిలి, పడవ వెనక్కు సాగి నిలిచాక తాపీగా అలారం పెడతారు. అప్పుడు వలయానికి కేంద్రం లంగరు కాదు, పడవ. గాలి మళ్ళగానే పడవ తన దారిన తాను తిరిగినా గీత దాటుతుంది. లంగరు అడుగును తాకిన క్షణంలోనే చోటు నమోదు చెయ్యాలి. గొలుసు బార లెక్కన కొలిచి వదిలిన పాత కళాసీకి ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఈ అలారాలు మొదట్లో పడవ మీదే మోగేవి. ఒడ్డున భోజనానికి వెళ్ళినవాడికి వాటివల్ల ఉపయోగం లేదు. ఆ ఖాళీని పూరించింది మొబైల్ ఫోను. పడవలో జీపీఎస్‌నూ సిమ్ కార్డునూ ఒకే డబ్బాలో పెట్టి, గీత దాటగానే ఎస్సెమ్మెస్ పంపేట్టు చేశారు. దానికే మరికొన్ని తీగలు తగిలించారు. బ్యాటరీ 12 వోల్టులకన్నా దిగినా, పడవ అడుగున చేరిన నీటిలో తేలే బిరడా లేచినా, తలుపు తెరుచుకున్నా కబురు వచ్చేది. సిగ్నల్ అందని చోట ఉపగ్రహ ఫోన్లు ఆ పని చేశాయి. పడవలు అలారం మోగకుండా మునిగిపోవడానికి కారణం తరచుగా లంగరు కాదు, బ్యాటరీ. నీరు తోడే పంపు పనిచేసి పనిచేసి బ్యాటరీని పీల్చేస్తుంది. బ్యాటరీ చచ్చాక పంపూ ఆగుతుంది, అలారం డబ్బా కూడా ఆగుతుంది. ఒడ్డున ఉన్నవాడి ఫోను ప్రశాంతంగా ఉంటుంది. అందుకే మంచి పరికరాలు ప్రమాదం వచ్చినప్పుడే కాక, గంటగంటకూ బాగున్నానని కబురు పంపుతాయి. ఆ కబురు తప్పితే ఒడ్డునున్న వ్యవస్థ దానంతట అదే గంట కొడుతుంది. పదకొండో నంబరు మళ్ళీ పుట్టింది.

పెద్ద ఓడలకు ఇంకో దారి ఏర్పడింది. ఓడలు ఢీకొనకుండా ఒకదానికొకటి తమ పేరూ చోటూ వేగమూ రేడియోలో చాటుకునే ఏఐఎస్ పద్ధతిని 2002 నుంచి 2004 మధ్య అంతర్జాతీయ నియమాలు దశలవారీగా తప్పనిసరి చేశాయి. ఈ పద్ధతిలో లంగరు మీద ఉన్న ఓడ 3 నిమిషాలకొకసారి పలుకుతుంది. వేగం 3 నాట్లు దాటితే 10 సెకన్లకొకసారి. ఓడల మధ్య మాటలుగా పుట్టిన ఈ సంకేతాలను ఒడ్డున చిన్న యాంటెన్నాతో ఎవరైనా వినవచ్చని త్వరలోనే తెలిసింది. గ్రీసులోని ఈజియన్ విశ్వవిద్యాలయంలో మొదలైన మెరైన్‌ట్రాఫిక్ 2007 నుంచి వాటిని పటం మీద లోకానికంతటికీ చూపించింది. ఓడ యజమాని ఏ ఊళ్ళో ఉన్నా తన ఓడ లంగరు వలయాన్ని ఫోనులో చూసుకోవచ్చు. యజమానే కాదు, దారిన పోయేవాడూ చూడవచ్చు. దొంగకు కూడా అదే పటం.

చూపు ఇంత పెరిగినా చేరడం మాత్రం 1746లో ఉన్నచోటే ఉంది. 2020 అక్టోబరులో తీవ్ర వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ బయట లంగరేసి ఉన్న బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ లంగరు పట్టు తప్పి, తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీదికి వచ్చి పడింది. సిబ్బంది ఓడ మీదే ఉన్నారు, అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం ఊరంతా వెళ్ళి ఫోటోలు దిగే వింతగా మిగిలింది. 2024 ఆగస్టు 19 తెల్లవారుజామున సిసిలీ తీరంలో పోర్టిచెల్లో ఎదుట లంగరేసి ఉన్న బేజియన్ అనే 56 మీటర్ల విహార నౌక పెనుగాలికి పక్కకు ఒరిగి మునిగింది. అందులోని 22 మందిలో ఏడుగురు చనిపోయారు. లంగరు ఎప్పుడు జారిందో, నౌక ఎటు కొట్టుకుపోయిందో ఏఐఎస్ నమోదులో ఉంది. దర్యాప్తుకు అది పనికొచ్చింది.

ఆంధ్ర తీరంలో మరబోట్లకు ఈ సాధనాలు ఆలస్యంగా, మరో దారిలో వచ్చాయి. 2008 ముంబయి దాడులకు వచ్చినవాళ్ళు ఒక చేపల పడవను పట్టుకుని వాడుకున్నాక, చిన్న పడవల జాడ తెలియడం దేశ భద్రత వ్యవహారమైంది. ఇస్రో ఉపగ్రహాల ద్వారా పనిచేసే ట్రాన్స్‌పాండర్లను తీర రాష్ట్రాల్లో లక్ష పడవలకు అమర్చే పథకం 364 కోట్ల రూపాయలతో 2024 ఆగస్టులో మొదలైంది. పరికరం బ్లూటూత్‌తో ఫోనుకు కలుస్తుంది. నభమిత్ర అనే యాప్‌లో వాతావరణ హెచ్చరికలు పడవకు వస్తాయి, ఆపదలో ఉన్నామనే కబురు పడవ నుంచి ఒడ్డుకు పోతుంది. తెప్పవాడి టోపీలోని చీటీ చేసిన పనే ఇది.

వేటలో ఉన్న పడవకు ఇది అండ. రేవులో కట్టేసిన పడవ సంగతి వేరు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోట్లు పక్కపక్కన ఒరుసుకుంటూ కట్టి ఉంటాయి. అలాంటి వరసల్లో గాలికన్నా ఎక్కువ భయపెట్టేది నిప్పు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో ఒక పడవలో అంటుకున్న మంట పదుల బోట్లకు పాకింది. పడవ చోటు మారలేదు కాబట్టి అలాంటి రాత్రి జీపీఎస్ వలయం పలకదు. పొగను పసిగట్టే పరికరమో, పడవలోనే పడుకున్న మనిషో కావాలి. ఈ తీరంలో ఎక్కువ పడవలకు ఇప్పటికీ ఉన్నది ఆ మనిషే.

సముద్ర చట్టం కూడా మనిషిని వదిలిపెట్టలేదు. నావికుల శిక్షణ, కాపలాలపై 1978లో ఏర్పడి 1995లోనూ 2010లోనూ సవరించిన అంతర్జాతీయ ఒప్పందం లంగరు మీద ఉన్న ఓడ కాపలా అధికారికి ఒక పని అప్పగించింది. పరిస్థితులు అనుకూలిస్తే తగినంత తరచుగా, ఒడ్డు మీద తేలికగా గుర్తుపట్టగల వస్తువుల దిశలు చూసి, లంగరు పట్టు నిలిచి ఉందో లేదో అతను నిర్ధారించుకోవాలి.